ఇరవైమూడు వాకిళ్ల ఊరు

(భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడైన మా మాస్టారి స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)



తొమ్మిదో తరగతిలో మాస్టారు మాకు పెట్టిన మొదటి పని, ఎవరి ఊరి పటం వాళ్లు గీసుకు రమ్మని. నేను మా ఇంటితో మొదలుపెట్టాను. కాగితం నడిమధ్యన మా ఇల్లు, దాని చుట్టూ మిగిలిన ఊరు. మాస్టారు చూసి నవ్వలేదు, కోప్పడలేదు. రబ్బరు తీసుకుని మా ఇంటిని తుడిచేశారు. "ముందు నీళ్లెక్కడున్నాయో పెట్టు. తరవాత దారి. ఇళ్లు వాటంతటవే వచ్చి కూచుంటాయి" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు ముప్ఫై ఏళ్లు పైనే పట్టింది. అర్థమైంది కూడా మన దేశంలో కాదు. సుమారు నూటనలభై మంది ఉండే ఒక చెక్ పల్లెలో, చెరువు గట్టున కూచుని ఉన్నప్పుడు.

మన ఊళ్ల గురించి మాట్లాడొచ్చు కదా అని నిర్వాహక మిత్రులు అడిగారు. మన ఊళ్ల గురించి మాట్లాడమంటే నేను మళ్లీ మా ఇంటితోనే మొదలుపెడతాను. అందుకని నాకు ఇల్లు లేని ఊరిని ఎంచుకున్నాను. దాని పేరు హొలషోవిత్సె.

చెక్ దేశం పటం ముందు పెట్టుకుంటే, ప్రాగ్ నుంచి తిన్నగా కిందికి, ఆస్ట్రియా వైపు రావాలి. అక్కడ వల్టావా నది ఒడ్డున చెస్కే బుద్యెయోవిత్సె అనే నగరం ఉంది. రెండో ఒటాకర్ రాజు 1265లో కట్టించిన ఊరది. జర్మన్లు దాన్ని బుద్‌వైస్ అంటారు. బీరు సంగతులు తెలిసినవాళ్లు ఈపాటికే తలాడిస్తున్నారు. అవును, ఆ బీరు పేరు ఈ నగరం పేరే. మనకు అంతకన్నా దగ్గరి చుట్టరికం ఇంకొకటుంది. 1848లో ఒక పెన్సిళ్ల కంపెనీ వియన్నా నుంచి ఈ నగరానికి తరలివచ్చింది. ఆ శతాబ్దం చివర్లో అది పసుపు రంగు పూసిన ఖరీదైన పెన్సిలొకటి తెచ్చి, దానికి కోహినూర్ అని పేరు పెట్టింది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకునే వజ్రం పేరు అక్కడ పెన్సిలు మీద అచ్చయింది. డ్రాయింగు మాస్టార్ల బల్లల మీద ఆ పెన్సిలు చూసినవాళ్లు ఈ సభలో చాలామంది ఉంటారు. వజ్రం మన దగ్గర లేదు, పెన్సిలు మాత్రం వచ్చింది.

ఆ నగరానికి పడమరగా ఓ పదిహేను కిలోమీటర్లు వెళితే హొలషోవిత్సె వస్తుంది. దక్షిణాన బ్లాన్‌స్కీ లెస్ అనే అడవి కొండలు, వాటిలో అన్నిటికన్నా ఎత్తయినది క్లెత్, 1,084 మీటర్లు. కొండలకు ఉత్తరంగా చదునైన పల్లం. నీళ్లు నిలిచే నేల. నీళ్లు నిలిచే నేలలో మనిషి ఏం చేస్తాడో వరంగల్లు వాళ్లకు చెప్పనక్కరలేదు, కట్ట కడతాడు. ఆ ప్రాంతమంతా చెరువులే. బెజ్‌ద్రెవ్ లాంటి పెద్దవి ఉన్నాయి, పేరు లేని కుంటలూ ఉన్నాయి. పక్కనున్న త్రెబోన్ పల్లంలో 1590లో పూర్తయిన రోజ్మ్‌బెర్క్ చెరువైతే పటం మీద సరస్సులా కనబడుతుంది.

అయితే ఒక తేడా ఉంది. మన కాకతీయులు చెరువు తవ్వించింది వరి కోసం. వీళ్లు చెరువు కట్టింది చేప కోసం. అక్కడ వానలకు లోటు లేదు, పొలానికి చెరువు నీళ్లు అక్కరలేదు. కాని క్యాథలిక్ మతంలో శుక్రవారాలు, ఈస్టరు ముందరి ఉపవాస దినాలు మాంసం ముట్టరాదు, చేపకు నిషేధం లేదు. మఠాలకు, దొరలకు, పట్నాలకు ఏడాది పొడవునా చేప కావాలి. అందుకని పల్లపు నేలను చెరువుగా మార్చి కార్ప్ అనే మంచినీటి చేపను మూడు నాలుగేళ్లు పెంచి, శరదృతువులో తూము ఎత్తి నీళ్లు వదిలేసి, అడుగున మిగిలిన చేపను వలలతో ఎత్తుకుంటారు. ఈనాటికీ డిసెంబరులో చెక్ వీధుల్లో తొట్లలో బతికున్న కార్ప్ అమ్ముతారు. క్రిస్మస్ పండగ భోజనం అదే. ఒక ప్రాంతం నేల రూపాన్ని వాన ఒక్కటే నిర్ణయించదు, ఉపవాసాలు కూడా నిర్ణయిస్తాయి. ఇది మాస్టారికి చెప్పి ఉంటే ఆయన వెంటనే బోర్డు మీద రాసేవారు.

ఇక పేరు. చెక్ దేశంలో "ఓవిత్సె"తో ముగిసే ఊళ్లు లెక్కలేనన్ని. అది ఒక మనిషి పేరుకు తగిలించే తోక. "ఫలానా మనిషి తాలూకు జనం" అని దాని అర్థం. హొలష్ అనే ఎవరో పూర్వీకుడు, అతని మనుషులు, వాళ్ల ఊరు. తెలుగులో ఇంత చెప్పక్కరలేదు. మనకు "వారి" అన్న చిన్న మాట ఉంది. ఫలానా వారి పాలెం, ఫలానా వారి పల్లె అంటాం. హొలషోవిత్సె అంటే హొలష్ వారి పల్లె. ఆ హొలష్ ఎవరో, అతని వంశం ఏమైందో ఏ పుస్తకంలోనూ లేదు. కాని ఈ "వారి" అన్న మాటను కాస్త గుర్తు పెట్టుకోండి. దీనితో తరవాత పని ఉంది.

1292లో రెండో వాత్స్లావ్ రాజు ఈ ఊరిని, చుట్టుపక్కల మరికొన్నింటితో కలిపి, విష్షీ బ్రోద్‌లో ఉన్న సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠానికి రాసిచ్చాడు. మన శాసనాల భాషలో చెప్పాలంటే ఊరు మఠానికి మాన్యమయింది. ఆ మఠం 1259లో రోజ్మ్‌బెర్క్ ప్రభువులు పెట్టింది, ఇక్కడికి దక్షిణంగా ఆస్ట్రియా సరిహద్దు దగ్గర ఉంటుంది. అప్పటి నుంచి 1848 దాకా, అంటే అయిదున్నర శతాబ్దాలకు పైగా, ఊరికి దొర ఆ మఠమే.

ఊరి రూపం కూడా ఆ కాలం నాటిదే. నడిమధ్య దాదాపు 210 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు ఉన్న పచ్చిక బయలు. దీన్ని చెక్‌లో నావెస్ అంటారు. మన రచ్చ అనుకోవచ్చు, కాని మన రచ్చ ఒక చెట్టు నీడంత, వీళ్లది రెండు ఫుట్‌బాల్ మైదానాలంత. ఈ బయల్లో ఒక చెరువు, ఒక కమ్మరి కొలిమి, ఒక చిన్న గుడి. అంతే. ఇళ్లన్నీ బయలుకు అటూ ఇటూ వరసగా, బయలు వైపే మొహం పెట్టి నిలబడి ఉంటాయి. ప్రతి ఇంటి వెనకా దాని పెరడు, పెరటి చివర ధాన్యం నూర్చుకునే కొట్టం, కొట్టం దాటితే పొలం. ఊళ్లోకి వచ్చిన కొత్త మనిషికి పొలం కనబడదు, పశువు కనబడదు, పేడకుప్ప కనబడదు. కనబడేవల్లా వాకిళ్లే. మొత్తం ఇరవైమూడు.

బయలు మధ్య చెరువు ఎందుకంటే, నిప్పు అంటుకుంటే ఆర్పడానికి, పశువులకు నీళ్లు పెట్టడానికి, బాతులు ఈదడానికి. బయలు ఎందుకంటే, రాత్రి పశువులను ఊరి మధ్యకు తోలి కాపలా కాయడానికి అని కొందరు, పండగకూ పంచాయితీకీ అని కొందరు అంటారు. నాకు తోచింది వేరు. బయలు ఉన్నది, ఎవరూ ఆక్రమించకూడదని. ఆరేడు వందల ఏళ్లు ఎవరూ ఆక్రమించలేదు కూడా. మనకు ఈ వాక్యం నమ్మడానికి కష్టంగా ఉంటుందని తెలుసు.

1520, 1525 సంవత్సరాల మధ్య ఊళ్లోకి ప్లేగు వచ్చింది. ఇద్దరే మిగిలారు.

ఊరికి వాయవ్యంగా, చచ్చిపోయినవాళ్లను కలిపి పూడ్చిపెట్టారన్న చోట, ఒక ప్లేగు స్తంభం నిలబడి ఉంది. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. నేను దాని దగ్గర కాసేపు నించుని ఆ ఇద్దరి గురించి ఆలోచించాను. వాళ్లు ఆ పచ్చిక బయలును ఎట్లా చూసి ఉంటారు? అన్ని వాకిళ్లు, అన్ని పొయ్యిలు, పొగ మాత్రం ఒకటో రెండో ఇళ్లలో.

తరవాత జరిగింది చరిత్రకారుడి కన్నా భూగోళశాస్త్రజ్ఞుడికి ఎక్కువ పని చెబుతుంది. మఠం ఊరిని వదులుకోలేదు. బవేరియా నుంచి, ఆస్ట్రియా నుంచి మనుషులను తెచ్చి కాపురం పెట్టించింది. 1530 నాటికి ఊళ్లో పదిహేడుగురు లెక్కకొచ్చారు. వచ్చినవాళ్లు జర్మన్ మాట్లాడేవాళ్లు. అప్పటి నుంచి ఊరు మెల్లగా జర్మన్ ఊరయింది. చుట్టూ చెక్ పల్లెలు, మధ్యలో ఇది.

కొత్తగా వచ్చినవాళ్లు ఊరిని తమకు నచ్చినట్టు కట్టుకోవచ్చు కదా? ఖాళీ ఊరు, అడిగే నాథుడు లేడు. కాని కట్టుకోలేదు. పాత స్థలాల్లోనే దిగారు. ఎందుకంటే మఠం లెక్కల పుస్తకంలో ఉన్నది మనుషుల పేర్లు కాదు, స్థలాలు. ఫలానా స్థలానికి ఇంత పొలం, ఇంత శిస్తు, ఇన్ని రోజుల చాకిరి. స్థలం మీద కూచున్నవాడు మారవచ్చు, స్థలం బాకీ మారదు. మన కరణాల భాషలో చెప్పాలంటే, పట్టాదారు పోయినా సర్వే నంబరు పోదు. ఊరి గీతను కాపాడింది ఊరి మీది ప్రేమ కాదు, శిస్తు వసూలు. ఇది వినడానికి అంత అందంగా ఉండదు. నిజం మాత్రం ఇదే అనుకుంటున్నాను.

ఇక పేరు సంగతి. జర్మన్లు నాలుగు వందల ఏళ్లు ఉన్నారు. ఊరిని ఏమని పిలిచారు? హోల్షొవిట్స్ అన్నారు. అంటే అదే పేరు, వాళ్ల నాలుక మీద. హొలష్ ఎవరో వాళ్లకు తెలియదు, "ఓవిత్సె" అంటే ఏమిటో వాళ్లలో చాలామందికి తెలిసి ఉండదు. అయినా తమది కాని వంశం పేరును నాలుగు వందల ఏళ్లు ఇంటి అడ్రసుగా మోశారు. నేనిందాక గుర్తు పెట్టుకోమన్న "వారి" అన్న మాటకు అక్కడ మనుషులు లేరు. పేరులో "వారి" ఉంది, ఊళ్లో వారు లేరు.

గుడి 1755 నాటిది, యాన్ నెపొముత్‌స్కీ అనే సాధువుది. ఈయనను 1393లో ప్రాగ్‌లో రాజాజ్ఞ మీద వల్టావా నదిలోకి తోసేశారు. 1729లో చర్చి ఆయనను సెయింట్‌గా ప్రకటించాక, చెక్ దేశపు పడమటి భాగమైన బొహీమియాలో వంతెన ఉన్న చోటల్లా ఆయన విగ్రహం వెలిసింది. నీళ్లలో పోయిన మనిషి నీళ్ల గండాల నుంచి కాపాడతాడని నమ్మకం. హొలషోవిత్సెలో చెప్పుకోదగ్గ నది లేదు. ఉన్నది చెరువే. దానికీ ఒక కావలివాడు కావాలనుకున్నారు కాబోలు.

1770లో, అప్పట్లో వియన్నా నుంచి ఈ నేలను ఏలుతున్న మరియా తెరీసా మహారాణి ఇళ్లకు నంబర్లు వేయించింది. సైన్యంలోకి కుర్రాళ్లను లాగడానికి ఏ ఇంట్లో ఎవరున్నారో తెలియాలి కదా. ఈనాటికీ చెక్ పల్లెల్లో ఇంటి నంబరు వీధి వరసను బట్టి ఉండదు, నమోదైన క్రమాన్ని బట్టి ఉంటుంది. ఒకటి పక్కన రెండు ఉండాలన్న నియమం లేదు. కొత్తగా వెళ్లిన పోస్ట్‌మ్యాన్‌కు అది శాపం. భూగోళం విద్యార్థికి వరం, ఏ ఇల్లు ముందుదో నంబరే చెబుతుంది.

1817లో ఇంకొక పని మొదలైంది. శిస్తు కోసం భూములు కొలవాలని ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాన్సిస్ ఆజ్ఞ. బొహీమియాలో ఆ కొలత 1826 నుంచి 1843 దాకా సాగింది. పటం స్కేలు 1:2880. ఈ వింత అంకె ఎక్కడిదో చెప్పకుండా ముందుకు పోతే మాస్టారు నన్ను క్షమించరు. అప్పటి వియన్నా కొలతలో ఒక బార అంటే ఆరడుగులు, డెబ్బైరెండు అంగుళాలు. ఒక యీత్రో భూమి అంటే నలభై బారల పొడవు, నలభై బారల వెడల్పు, మొత్తం 1600 చదరపు బారలు, మన లెక్కన సుమారు ఎకరా నలభైరెండు సెంట్లు. ఈ ఒక్క యీత్రో పటం మీద సరిగ్గా ఒక చదరపు అంగుళంలో పట్టాలి. నలభై బారలు ఒక అంగుళం కావాలి. నలభైని డెబ్బైరెండుతో గుణించండి, 2880. సర్వేయరు పటం మీద అంగుళం గడి పరిచి చూస్తే చాలు, ఎంత భూమో లెక్క తేలిపోతుంది.

ఆ పటాల్లో ఇళ్లకు రంగులుంటాయి. రాతివి, ఇటుకవి ఎరుపు. కొయ్యవి పసుపు. పసుపంటే కాలేవి అని అర్థం. ఆ శతాబ్దం సాగే కొద్దీ బొహీమియా పల్లెల్లో పసుపు తగ్గుతూ, ఎరుపు పెరుగుతూ వచ్చింది. మనం ఇప్పుడు హొలషోవిత్సెలో చూసే ఇటుక ఇళ్లు ఎక్కువగా ఆ కాలానివే.

ఆ ఇళ్లు కట్టుకునే చేతులకు అంతవరకూ ఒక బరువుండేది. దాని పేరు రొబొతా. దొర పొలంలో ఊరికే చేయాల్సిన చాకిరి. మన వెట్టి. 1775లో రైతులు తిరగబడ్డాక దాన్ని వారానికి మూడు రోజులకు మించకూడదని కట్టడి చేశారు. 1781లో రెండో జోసెఫ్ చక్రవర్తి రైతుకు ఊరు విడిచి వెళ్లే హక్కు, దొర అనుమతి లేకుండా పెళ్లి చేసుకునే హక్కు ఇచ్చాడు, రొబొతా మాత్రం ఉండిపోయింది. అది పూర్తిగా పోయింది 1848 సెప్టెంబరులో. దొరకు రావాల్సిన విలువ లెక్కకట్టి మూడో వంతు రైతు కట్టాడు, మూడో వంతు ప్రభుత్వం ఇచ్చింది, మూడో వంతు దొర వదులుకున్నాడు.

ఈ రొబొతా అన్న మాట మీకందరికీ తెలుసు. తెలుసన్న సంగతి తెలియదు, అంతే. 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత ఒక నాటకం రాశాడు, ఫ్యాక్టరీలో తయారయ్యే కృత్రిమ కూలీల గురించి. వాళ్లకు పేరేం పెట్టాలో తెలియక అన్నగారైన చిత్రకారుడు యోసెఫ్‌ను అడిగితే ఆయన రోబోత్‌లు అనమన్నాడు. అంటే వెట్టివాళ్లు. 2010లో మన హాళ్లలో ఆడిన రజనీకాంత్ డబ్బింగ్ సినిమా టైటిల్ దగ్గర నుంచి, పిల్లల ఆటబొమ్మ దాకా, ఆ మాటలో ఉన్నది బొహీమియా రైతు వెన్నునొప్పి.

వెట్టి పోయిన రైతు మొదట చేసిందేమిటి? ఇంటి మొహానికి రంగు వేశాడు.

ఒక్క వాకిలి దగ్గర నిలబెట్టి చూపిస్తాను. బయలు వైపు రెండు కట్టడాలు పక్కపక్కన ఉంటాయి. ఎడమది మనుషులు ఉండే ఇల్లు అనుకోండి, కుడిది గాదె. రెండింటికీ పైకప్పు కింద గోడ ముక్కోణంగా లేస్తుంది. కాని ఉత్తి ముక్కోణం కాదు, పక్కల గంటలా వంపు తిరిగి, కొసన చిన్న గుండ్రటి తలకట్టుతో ఆగుతుంది. గోడ మీద సున్నంతో పోసిన తీగలు, పువ్వులు, గుండ్రాలు. పైన కట్టిన సంవత్సరం. ఒక ఇల్లు తెలుపు మీద నీలం, ఇంకొకటి గోధుమవన్నె పసుపు, మరొకటి లేత గులాబి. ఈ రెంటినీ కలుపుతూ ఎత్తయిన అడ్డుగోడ. అందులో బండి పట్టేంత కమాను, దానికి కొయ్య తలుపులు. పక్కన మనిషి పట్టే దిడ్డి. బండి వస్తే పెద్ద తలుపు, మనిషి వస్తే దిడ్డి. లోపల లోగిలి, దానికి ఒక పక్క పశువుల కొట్టం, వెనక నూర్పిడి కొట్టం. నలువైపులా మూసిన ఇల్లు. మన మండువా లోగిలి ఎరిగినవాళ్లకు ఈ ఇంట్లో దారి తప్పదు.

ఈ పద్ధతికి పెద్దలు పెట్టిన పేరు "పల్లె బరోక్". ప్యాలెసుల్లో, చర్చిల్లో వందేళ్ల కిందట ఫ్యాషన్ అయిపోయిన అలంకారాన్ని ఊరి తాపీ మేస్త్రులు తమ చేతికి వచ్చినట్టు పోశారు. కొలత చూసుకుంటే ఎడమ తీగ కుడి తీగతో కలవదు. నాకు నచ్చింది అదే. మరో సంగతి, గాదె మొహానికీ ఇంటి మొహానికీ అలంకారంలో తేడా లేదు. మనిషి కాపురముండే చోటికి ఎంత సోకు చేశాడో, గోధుమలు కాపురముండే చోటికీ అంతే చేశాడు. గింజ దొర కొట్టుకు పోకుండా తన గాదెలోనే ఉంటుందని అయిదున్నర వందల ఏళ్ల తరవాత తేలినప్పుడు, ఆ మాత్రం చేయడా?

1895 లెక్కల్లో ఊళ్లో జర్మన్లు 157 మంది, చెక్‌లు 19 మంది. ఈ అంకెను ఆ తరవాతి యాభై ఏళ్లు నెత్తిన మోశాయి. 1918లో చెకొస్లొవాకియా ఏర్పడింది. 1938లో మ్యూనిక్ ఒప్పందంతో సరిహద్దు ప్రాంతాలు హిట్లరుకు పోయాయి. మరుసటేడు మిగిలిన చెక్ భూమి కూడా. 1945లో లెక్క తిరగబడింది. యుద్ధం గెలిచిన దేశాల పాట్స్‌డామ్ సమావేశం ఒప్పుకున్నాక, దేశంలోని దాదాపు 30 లక్షల జర్మన్లను పంపేశారు. మనిషికి 30 నుంచి 50 కిలోల సామాను మాత్రం తీసుకుపోవచ్చు. నాలుగు వందల ఏళ్ల కాపురాన్ని యాభై కిలోలకు కుదించాలంటే ఏం సర్దుతారో, ఏం వదిలేస్తారో మీరే ఊహించండి. పరుపు సర్దుతారు, వంటగిన్నె సర్దుతారు. గాదె మొహం మీద పోయించిన తీగను సర్దలేరు. హొలషోవిత్సె మరోసారి ఖాళీ అయింది.

నిలబడి జాలిపడే ముందు ఇంకొక పల్లె పేరు చెప్పాలి. ప్రాగ్‌కు కాస్త పడమరగా లిదిత్సె ఉంది. గని కార్మికుల ఊరు. హైద్రిక్ అనే నాజీ అధికారి మీద 1942 మే 27న ప్రాగ్‌లో దాడి జరిగింది, జూన్ 4న చచ్చాడు. దానికి ప్రతీకారంగా జూన్ 10న లిదిత్సె మగవాళ్లు 173 మందిని ఒక రైతు ఇంటి గోడ పక్కన వరసల్లో నిలబెట్టి కాల్చారు. ఆడవాళ్లను రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరానికి పంపారు. పిల్లలు 82 మందిని ఖెల్మ్నోలో విషవాయువుతో చంపారు. అంతటితో ఆగలేదు. ఇళ్లు తగలబెట్టారు, గుడిని పేల్చారు, శ్మశానంలో గోతులు తవ్వారు, వాగు దారి మళ్లించారు, నేలను చదును చేశారు. నెలల తరబడి కూలీలను పెట్టి చేసిన పని అది. మనుషులను చంపితే ఊరు చావదని, చెరువునూ వాగునూ దారినీ చెరిపితేనే చస్తుందని ఆ హంతకులకు బాగా తెలుసు. మాస్టారు చెప్పిన క్రమమే అది, తలకిందులుగా. కొత్త లిదిత్సెను యుద్ధం తరవాత పాత చోటికి కొంచెం ఎడంగా కట్టారు. పాత చోటు ఇప్పటికీ ఖాళీగా, గడ్డితో ఉంటుంది.

ఈ రెండు ఊళ్లనూ తక్కెట్లో పెట్టి తూచమని నేను అడగడం లేదు. ఒక ఊళ్లో ఊచకోత, రెండో ఊళ్లో దేశబహిష్కారం. అవి ఒకటి కావు. మొదటిది జరిగింది కాబట్టి రెండోదాన్ని చాలామంది న్యాయమనుకున్నారు. యాభై కిలోల మూట కట్టుకున్న ప్రతి ముసలమ్మా దానికి బాధ్యురాలేనా అన్న ప్రశ్న చెక్‌లే తమలో తాము వేసుకుంటూ వచ్చారు.

తరవాత నలభై ఏళ్లు కమ్యూనిస్టు ప్రభుత్వం. పొలాలు ఉమ్మడి సేద్యంలోకి వెళ్లాయి. పొలం గట్లు పోయాక, ఇంటింటికీ గాదె, నూర్పిడి కొట్టం ఎందుకు? చాలా ఇళ్లు పాడుబడ్డాయి. చిత్రమేమిటంటే, ఊరిని కాపాడింది ఆ పాడుబడటమే. డబ్బున్న ఊళ్లలో పాత మొహాలు పగలగొట్టి పెద్ద కిటికీలు పెట్టారు, డాబాలు వేశారు. ఇక్కడ పగలగొట్టడానికి మనిషి లేడు. 1989 నవంబరు తరవాత ప్రభుత్వం మారింది, మనుషులు మళ్లీ వచ్చారు, 1990ల్లో బాగుచేతలు మొదలయ్యాయి. 1998లో జపాన్‌లోని క్యోటోలో జరిగిన సమావేశంలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మధ్య ఐరోపా సంప్రదాయ పల్లెకు అసాధారణంగా చెక్కుచెదరని నమూనా అని కారణం చెప్పింది.

"చెక్కుచెదరని" అన్న మాట దగ్గర నాకు అభ్యంతరముంది. గోడల వరకూ అయితే సరే. మనుషుల వరకూ వస్తే, ఈ ఊరు చెదిరినన్ని సార్లు చాలా ఊళ్లు చెదరలేదు. ఒకసారి ఇద్దరికి దిగింది. ఇంకోసారి తన భాషనే పోగొట్టుకుంది. ఇప్పుడున్నవాళ్లలో ఎక్కువమందికి తాతగారు ఈ ఊళ్లో పుట్టి ఉండరు. వారసత్వం అని చెప్పుకుంటున్నాం, వారసుల వరస చూస్తే మూడు చోట్ల తెగి ఉంది. వాళ్లకూ ఆ సంగతి తెలుసు. అయినా సున్నం వేస్తున్నారు, తీగలకు మళ్లీ రంగు పూస్తున్నారు, జులైలో పల్లె పండగ చేస్తున్నారు. తాతలు పోయించిన తీగ కాకపోయినా దాన్ని బాగుచేయడం పరాయి పని అనిపించదేమో. నేనైతే ఇందులో తప్పు పట్టను. ఇంటిని నిలబెట్టేవాడే ఆ ఇంటివాడు అని మా అమ్మ అంటూ ఉండేది, అద్దె ఇంట్లో ఉన్నప్పుడు.

ఇక 2008లో ఊరి పక్కన ఒకాయన నిలువురాళ్ల వలయమొకటి లేపాడు, ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్‌లా. అయిదు వేల ఏళ్ల నాటిదనుకుని ఫొటోలు దిగేవాళ్లున్నారు. నేనూ దిగాను.

నేను వెళ్లింది మే నెలలో. నగరంలో పసుపు పచ్చ కోహినూర్ పెన్సిలు ఒకటి, చిన్న నోటుబుక్ ఒకటి కొనుక్కుని బస్సెక్కాను. ఊళ్లో దిగాక మొదట ప్లేగు స్తంభం దాకా నడిచాను, తరవాత తిరిగి వచ్చి చెరువు గట్టున గడ్డిలో కూచున్నాను. బయట మనుషులు తక్కువ. ఒక దిడ్డి తెరుచుకుని ఒక పెద్దావిడ బకెట్టుతో వచ్చింది, గడప ముందు రాతిపలకల మీద నీళ్లు కుమ్మరించి, పొరక తీసుకుని కడిగి, నన్ను చూసి తలాడించి లోపలికి వెళ్లిపోయింది. ముగ్గు ఒక్కటే తక్కువ.

నోటుబుక్ తెరిచి ముందు చెరువు పెట్టాను. తరవాత దాని పక్క దారి, తరవాత గుడి, కొలిమి. ఆ తరవాత బయలు చుట్టూ వాకిళ్లు, ఒక్కొక్కటిగా: ఇంటి మొహం, కమాను, దిడ్డి, గాదె మొహం. ఒక వరస పూర్తయ్యాక రెండో వరస మొదలుపెట్టాను. ఏడో వాకిలి గాదె మీద తీగ దగ్గర ఆలస్యమైంది, వంపు సరిగ్గా రాలేదు, రెండుసార్లు తుడిచాను. వాచీ చూసుకుంటే తిరుగు బస్సుకు పది నిమిషాలుంది. ఇంకా నాలుగు వాకిళ్లు మిగిలిపోయాయి. వాటి చోట నాలుగు ఖాళీ గడులు గీసి, నంబర్లు మాత్రం వేసుకుని లేచాను.